ఆకలైతుంది, తినను

మా మేనత్త పోయింది. హైదరాబాదులో హాస్టలు గేటు దగ్గర మా మేనమామ నాకు ఈ కబురు చెప్పేసరికి ఆమెను నారాయణఖేడ్‌లో మట్టి చేసి రెండు రోజులైంది. మోటారు రోజూ నడుస్తుంది. పొద్దున ఎక్కినవాడు పొద్దు గుంకేలోగా పట్నంలో దిగుతాడు. మా పెదనాన్నకు ఆ సంగతి తెలియక కాదు. పట్నంలో జొన్నల ధర కాస్త కదిలితే ఆ పూటకే కబురు తెప్పించుకునే మనిషి ఆయన. సొంత చెల్లెలు పోయిన కబురు మాత్రం తాపీగా పంపాడు. నేను ముందే వస్తే నలుగురిలో ఏం మాట్లాడతానో ఆయనకు బాగా తెలుసు.

అక్కడ మాట్లాడనివ్వని మాటలు ఇక్కడ రాస్తున్నాను. పోయినవారిని తలుచుకునేటప్పుడు మనసు మెత్తబడుతుందంటారు. నాది మెత్తబడలేదు. అత్తను మెత్తటి మనిషిగా రాస్తే ఆమెకే కోపం వస్తుంది.

నేను వెళ్లేసరికి ఇంటి నిండా పరామర్శకు వచ్చినవాళ్లు. పెదనాన్న నడిమింట్లో కూర్చుని కండువాతో కళ్లు ఒత్తుకుంటూ వచ్చినవాళ్లకల్లా ఒకటే చెబుతున్నాడు. "మా చెల్లె అదృష్టమంతురాలు. నేను సదివిస్తున్న పిల్ల డాక్టర్ అయితుంటే సూసుకుంట పోయింది." నేను సదివిస్తున్న పిల్ల! వాకిట్లో నిలబడి ఆ మాట విన్నాను. కాళ్లు కడుక్కోవడానికి అమ్మ ఇచ్చిన చెంబు చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ ఒక్క మాట కోసమే ఈ నాలుగు పేజీలు.

అత్త మా నాన్నకూ పెదనాన్నకూ ఒక్కతే చెల్లెలు. మాది లింగాయతుల ఇల్లు. తాతల కాలంలో కన్నడ దేశం నుంచి వచ్చి ఈ ఊళ్లో ధాన్యం దుకాణం పెట్టారు. పెళ్లయిన కొన్నేళ్లకే అత్త భర్త పోయాడు. ఆమె ఒక్కగానొక్క కూతుర్ని చంకనేసుకుని పుట్టింటికి వచ్చి, మా ఇంటి వెనక గదిలో బతికింది. ఆ కూతురు నాకు వదిన వరస. జడ వేయడం, చింతగింజలాట, ఉర్దూ అక్షరాలు, అన్నీ నాకు వదిన నేర్పినవే. ఆమెకు పెళ్లయి తొలి కాన్పుకు మా ఇంటికే వచ్చింది. ఆ కాన్పులోనే పోయింది.

ఎలా పోయిందో చెప్పాలి. మా ఇంట్లో ఇన్నేళ్లూ ఎవరూ చెప్పని కథ ఇది.

అప్పుడు నేను చిన్న క్లాసులో ఉన్నాను. వదినకు పొద్దుటినుంచి నొప్పులు. మంత్రసాని లోపల ఉంది. బిడ్డ పుట్టింది గానీ నెత్తురు ఆగడం లేదు. ఆ వారం పట్నం నుంచి ఊళ్లు తిరిగి చూసే దౌరాకు వచ్చిన ఒక లేడీ డాక్టరమ్మ ముసాఫిర్ బంగ్లాలో దిగి ఉందని అత్తకు తెలుసు. చెప్పుల్లేకుండా ఎండలో పరుగెత్తి ఆమెను వెంటబెట్టుకొచ్చింది. డాక్టరమ్మ చేతిలో తోలు సంచీ, మొహమంతా చెమట. గడప దగ్గర పెదనాన్న రెండు చేతులూ తలుపు రెక్కలకు ఆనించి నిలబడ్డాడు.

"లింగం కట్టుకున్న పిల్ల. గామె ఏం తింటదో, ఏ కులమో. మా ఇంట్లకు రానియ్య. మంత్రసాని ఉన్నది, చాలు."

"అన్నా, నీ కాల్మొక్త. నెత్తురు ఆగుతలేదు," అంది అత్త. నిజంగానే కాళ్ల మీద పడింది.

"పో, లోపలికి పో. ఆడోళ్లకు అయ్యేదే గిది."

డాక్టరమ్మ వెంటనే వెళ్లిపోలేదు. అరుగు మీద, స్తంభం పక్కన గోడకానుకుని కూర్చుంది. మంచినీళ్లిస్తే తాగలేదు. మంత్రసాని పాతగుడ్డల కోసం గడప దాకా వచ్చినప్పుడు డాక్టరమ్మ లేచి, అరచెయ్యి దొప్పలా వంచి, తన పొట్ట మీద బొడ్డు కింద పెట్టి గట్టిగా పిసికి చూపించింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. మంత్రసాని ఆ చెయ్యి వైపు చూసింది, పెదనాన్న మొహం వైపు చూసింది, గుడ్డలు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ తర్వాత లోపలినుంచి అత్త అరుపు వినిపించింది. డాక్టరమ్మ సంచీ తీసుకుని లేచి, పెదనాన్నను ఒక్కసారి చూసి వెళ్లిపోయింది. పసిగుడ్డు కూడా నిలవలేదు.

"పిల్ల ఆయుష్షు గంతే," అన్నాడు పెదనాన్న. మర్నాటికల్లా ఊరంతా అదే మాట. డాక్టరమ్మను తలుపు దగ్గర ఆపిన సంగతి ఎక్కడా లేదు. అడిగినవాళ్లకు "డాక్టరమ్మ వచ్చేసరికే అయిపోయింది" అని చెప్పాడు. మా నాన్న విని తల వంచుకున్నాడు. నాన్న మంచివాడు, ఆయన మంచితనం ఆ ఇంట్లో ఎవరికీ అక్కరకు రాలేదు.

ఆ రోజు నుంచి అత్త ఆయన్ని అన్న అని పిలవలేదు. "శావుకారి" అంది, బయటివాళ్లు పిలిచినట్టు. "శావుకారీ, ఉప్పు అయిపోయింది." "శావుకారి తిన్నడా?" ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకుంటూ అలా పిలవడం ఎంత పదునుగా ఉంటుందో విన్నవాళ్లకే తెలుసు. జొన్నరొట్టె తట్టేటప్పుడు అరచేతి చప్పుడు వీధిలోకి వినిపించేది. నేను పక్కన కూర్చుంటే చెవిలో చెప్పేది: "గిది శావుకారి కుడి చెంప. గిది ఎడమ చెంప." రొట్టె చక్కగా గుండ్రంగా, పల్చగా వచ్చేది. ఆ రొట్టెలే పెదనాన్న మెచ్చుకుంటూ తినేవాడు. మేమిద్దరం మొహమొహాలు చూసుకునేవాళ్లం.

నన్ను పట్నంలో మేనమామ ఇంట్లో పెట్టి చదివించమని నాన్న వెంట పడింది అత్తే. "నువ్వు డాక్టర్ కావాలె పిల్లా," అనేది. "ఒకనాడు శావుకారికి ఒంట్ల బాగుండది. చెయ్యి సాపుతడు. నువ్వు నాడి సూడాలె. నేను పక్కన కూసోని సూడాలె." వేరేవాళ్ల అత్తలు మేనకోడలికి గాజులు, పట్టు పరికిణీ కోరుకుంటారు. మా అత్త కోరుకున్నది ఇది.

మెట్రిక్ పాసయ్యాను. ఇక కాలేజీ. అక్కడ చేరేటప్పుడే ఏ సబ్జెక్టులు చదువుతావో చెప్పాలి. చరిత్ర, ఫారసీ తీసుకోవచ్చు. సైన్సు కావాలంటే రెండు దారులు: రియాజీ అంటే లెక్కలతో, లేదా హయాతియాత్ అంటే జీవశాస్త్రంతో. మెడికల్ కాలేజీ తలుపు ఆ రెండో దారిలోనే ఉంది. మా స్కూలు టీచరమ్మ నాకు పదే పదే చెప్పింది: "ఇక్కడ తప్పు తిరిగితే మళ్లీ వెనక్కి రాలేవు."

పెదనాన్న ఒప్పుకుంటేనే మేనమామ నన్ను ఇంట్లో ఉంచుకుంటాడు. ఆయన ఒప్పుకుంటేనే నాన్న సంతకం చేస్తాడు. సెలవులకు ఊరికి వచ్చి అడిగాను. ఆశ్చర్యం, పెదనాన్న నవ్వాడు. "సైన్సే గదా? సదువుకో. మా ఇంటి ఆడపిల్ల సైన్స్ సదువుతదంటే మాకే పేరు." అత్త ఆ సాయంత్రం వాడకంతా శక్కర పంచింది. వదిన పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

మర్నాడు నాన్న నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు. నన్ను రియాజీలో చేర్పించమని పెదనాన్న అప్పటికే మేనమామకు కబురు చేశాడట. కప్పల్ని కోసే చదువు మన ఇంట్లో కుదరదన్నాడట. పేరుకు సైన్సు. మెడికల్ కాలేజీకి దారి మూత. పని ఎంత శుభ్రంగా చేశాడో చూడండి! అడ్డం చెప్పకుండానే అడ్డం పడ్డాడు. నేను వెనక గదిలోకి వెళ్లి అత్తకు చెప్పాను. అత్త చేతిలో చేట ఉంది, జొన్నల్లో రాళ్లేరుతోంది.

"అంటే గా సదువు సదివితే డాక్టర్ కావా?"

"కాను అత్తా. లెక్కల పంతులమ్మను అవుతా."

చేట కింద పెట్టింది. "అప్పుడు డాక్టరమ్మను తలుపు కాడ ఆపిండు. ఇప్పుడు నిన్ను ఆపుతుండు," అంది. గొంతు పెంచలేదు. లేచి ముందింట్లోకి నడిచింది. వెనకే నేను.

పెదనాన్న దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. "లింగం పట్టే చెయ్యి కప్పలను కోస్తదా? జీవహింస గాదా?"

"కప్పల పాపం నా మెడకు కట్టు శావుకారీ. నేను మోస్త."

"శవాలను ముట్టుకోవాలె. మైల."

"హౌదా?" అంది అత్త. కోపమొస్తే, అవునా అనడానికి కూడా ఆమె నోట కన్నడం దొర్లేది. "నా బిడ్డను ఒళ్లె ఏసుకోని కూసున్ననాడు ఏం జెప్పినవ్? లింగం ఉన్నోళ్లకు చావుమైల లేదు, ఏడువకు, లేవమన్నవ్. నా బిడ్డకు లేని మైల గిప్పుడెక్కడికెళ్లి వచ్చె?"

జవాబు లేనప్పుడు ఆయన దుకాణానికి వెళ్లిపోతాడు. అలాగే వెళ్లాడు.

ఇక్కడ మా పెదనాన్న గొప్ప ఒకటి చెప్పాలి. మా వాళ్లలో ఆకలిగొన్న మనిషి గడప ముందుండగా ఇంటి యజమాని కంచం ముందు కూర్చోవడం తప్పు. చాలా ఇళ్లలో దీన్ని చూసీచూడనట్టు సాగదీస్తారు. పెదనాన్న మాత్రం దీన్ని వారం వారం జరిగే అంగడిలో చాటింపు వేసుకున్నాడు. కల్హేర్ రైతుకైనా, మనూర్ పటేలుకైనా, తహసీల్ కచేరీ వాళ్లకైనా ఒకటే పాట: "మా అరుగు మీద ఒక్క మనిషి ఆకలితోని ఉన్నా, నా నోట్లె ముద్ద దిగది." ఆ పేరు మీద దుకాణానికి నమ్మకం వచ్చింది. దుకాణమూ ఇల్లూ పక్కపక్కనే, ముందు ఒకటే పొడుగాటి అరుగు. అంగడి రోజున గుమాస్తా ఆ అరుగు మీద కూర్చుని పత్రిక గట్టిగా చదివితే చుట్టూ రైతులు చేరి వినేవాళ్లు. అదీ ఆయన గొప్పల్లో ఒకటే.

ఆ వారం అంగడి రోజు పొద్దున్నే అత్త తలస్నానం చేసి, నూనె రాసుకుని, విభూది పెట్టుకుని వచ్చి అరుగు మీద స్తంభం పక్కన గోడకానుకుని కూర్చుంది. పొద్దెక్కింది. లోపల రొట్టెలు, గోంగూరతో పుండికూర తయారు. పెదనాన్న కాళ్లు కడుక్కుని కంచం దాకా వెళ్లి, బయట చెల్లెలు కూర్చుందని విని వెనక్కొచ్చాడు.

"లేవ్వే. లోపలికొచ్చి తిను."

"తినను."

"ఆకలైతలేదా?"

"ఆకలైతుంది. తినను."

ఆకలి లేదని అనుంటే ఆయన హాయిగా వెళ్లి తినేవాడు. అది ఆమెకు తెలుసు. అందుకే ఆ మాట గట్టిగా, అంగడి మొత్తానికి వినబడేలా అంది. బండ్లు విప్పుతున్న రైతులు తలలు తిప్పారు. మనూర్ నుంచి కందులు తెచ్చిన ఒక ముసలాయన దగ్గరికొచ్చి అడిగాడు.

"ఏందమ్మా, గీడ కూసున్నవ్?"

"శావుకారి తినాలంటే నేను తినాలె కాకా. నేను తినాలంటే మా పిల్ల హయాతియాత్ సదవాలె."

"గదేందమ్మా?"

"డాక్టర్ సదువు. ఆడోళ్లు కాన్పుల సావకుండ సూసే సదువు."

ఆయన తలపాగా సర్దుకుని, "మంచి సదువే గదా," అని వెళ్లి తనవాళ్లకు చెప్పాడు. మధ్యాహ్నానికి అంగట్లో ఆ ఉర్దూ మాట నోరు తిరగనివాళ్లు లేరు. జొన్నలమ్మేవాళ్లు, గంపలల్లేవాళ్లు, గాజులామె, అందరూ హయాతియాతే. పెదనాన్న గల్లా దగ్గర కూర్చుని అందరి ముందూ ఆకలితో మాడాడు. నడి మధ్యాహ్నం బస్తాల వెనక్కి వెళ్లి రెండు గుప్పెళ్ల పల్లీలు నమిలాడు. తూకానికి వచ్చిన ఒక రైతు చూడనే చూశాడు. "పల్లీలు ఎట్లున్నయి శావుకారీ?" అని అడిగాడట. ఆ ప్రశ్న సాయంత్రం దాకా అంగట్లో తిరిగింది. కొననివాడు కూడా దుకాణంలోకి తొంగి చూసి పల్లీల సంగతి అడిగి పోయాడు.

నేను కిటికీలోంచి చూస్తున్నాను. కాలేజీలో పేర్లు రాసుకునే గడువు దగ్గర పడింది. ఆ రోజు గడిస్తే మళ్లీ అంగడి వచ్చేసరికి ఆ గడువు దాటుతుంది. అత్త పెదవులు ఎండిపోతున్నాయి. నాకు ఏడుపొచ్చి బయటికి వెళ్లి, "చాలత్తా, లే," అన్నాను.

"నువ్వు లోపలికి పో. ఆకలి నాది, పరేషాన్ ఆయనది," అంది.

పొద్దు వాలుతుండగా, బండ్లు కట్టే వేళకు పెదనాన్న బయటికొచ్చాడు. "ఇగ లే. ఏదన్న సదువుకోనీ."

"ఏదన్న కాదు. పేరు జెప్పు."

చుట్టూ జనం. ఆయన మెడ మీద నరం ఉబ్బింది. "హయాతియాత్," అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఇంగొకటున్నది," అంది అత్త. "నా బిడ్డ కాన్పునాడు డాక్టరమ్మను వాపస్ పంపింది ఎవరో గది గూడ చెప్పు. గీడనే, గీ గోడ కాడనే కూసున్నది గామె."

అప్పుడు తట్టింది నాకు, అత్త ఆ చోటే ఎందుకు ఎంచుకుందో. పెదనాన్న లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అత్త ఆ తలుపు వైపు చూసి, నా వైపు తిరిగింది. "ఇయ్యాల్టికి గిది సాలు. నీ గడువు దాటుతది." రొట్టె అక్కడికే తెప్పించుకుని అరుగు మీదే తింది. ఇంట్లోకి వెళ్లి ఆయన ఎదురుగా తినలేదు.

ఆమె ప్రతీకారం అక్కడితో ఆగిందనుకుంటే మీకు మా అత్త తెలియదు. అప్పటినుంచి ప్రతి అంగడికీ అదే చోట కూర్చుంది. ఒక్కోసారి తినే వచ్చేది. కానీ ఆ సంగతి తనంతట తాను చెప్పేది కాదు. పెదనాన్న కంచం దగ్గర్నుంచి లేచి వచ్చి అందరి ముందూ "తిన్నవానే?" అని అడగాలి. ఆమె వెంటనే పలికేది కాదు. పక్కనున్నామెతో చింతపండు ధర మాట్లాడేది, గాజులామె పిల్లల్ని పలకరించేది, రొట్టెలు చల్లారాయని నమ్మకం కుదిరాక, "ఆఁ, తిన్న," అనేది. ఏళ్ల తరబడి అంగడి రోజున మా పెదనాన్న వేడి అన్నం తినలేదు. ఇది రాస్తుంటే నాకు నవ్వొస్తోంది. ఆయన్ని చూసి జాలి పడాలని ఎవరైనా అంటే, వాళ్లను మా వదిన సమాధి దగ్గరికి తీసుకెళతాను.

నేను హయాతియాత్ చదివాను. కప్పల్ని కోశాను. మెడికల్ కాలేజీలో చేరాను. మొన్నటేడు కాన్పుల పాఠంలో మా ప్రొఫెసరమ్మ, బిడ్డ పుట్టాక నెత్తురు ఆగకపోతే మొట్టమొదట ఏం చేయాలో చెబుతూ అరచెయ్యి దొప్పలా వంచి, బొడ్డు కింద పెట్టి, గట్టిగా పిసికి చూపించింది. ఆ చెయ్యిని నేను మా గడప ముందు చూశాను.

సెలవులకు వెళ్లినప్పుడు అత్తకు చెప్పాను. ఆమె రొట్టెల పిండి కలుపుతోంది. పళ్లెం నా ముందుకు జరిపి, "సూపెట్టు," అంది. పిండి ముద్ద మీద చూపించాను. ఇలా పెట్టాలి, ఇలా పిసకాలి, గర్భసంచి గట్టిపడేదాకా వదలకూడదు. మందు తర్వాత. ముందు చెయ్యి.

అత్త నా చేతిని చూసింది. పిండిని చూసింది.

"గింతేనా?" అంది.

"అన్నిసార్లూ దీంతోనే ఆగదు అత్తా. చాలాసార్లు ఆగుతుంది."

"గింతేనా బిడ్డా?"

ఆ రోజు రొట్టెలు తట్టేటప్పుడు ఆమె ఎవరి చెంపా తలచలేదు. చప్పుడే లేకుండా తట్టింది. అన్నీ అయిపోయాక చేతులు కడుక్కుంటూ అంది: "నేను జెప్తే ముసల్దాని ఏడుపంటరు. నువ్వు జెప్పు. డాక్టరమ్మ జెప్తే నమ్ముతరు. అంగట్ల జెప్పు, అందరు ఇనాలె."

నేనింకా పాసు కాలేదు. పాసయ్యాక చెబుదామని ఆగాను. ఆమె ఆగలేదు.

మాలో పోయినవాళ్లను పడుకోబెట్టం. కూర్చోబెట్టి, ఎడమ అరచేతిలో లింగం పెట్టి మట్టి చేస్తాం. అత్తను అలా కూర్చోబెట్టేటప్పుడు వీపు వంగనే లేదని అమ్మ చెప్పింది. ఎందుకు వంగుతుంది? ఆమెకు కూర్చోవడం ఒకరు నేర్పాలా?

పెదనాన్నకు కళ్లకు పొర వచ్చింది. పత్రిక తానే చదువుకోలేడు. ఇప్పటికీ అంగడి రోజు గుమాస్తా అరుగు మీద కూర్చుని గట్టిగా చదువుతాడు, రైతులు వింటారు. ఈ పత్రిక ఆ ఇంటికి వస్తుంది. అందుకే దీనికి పంపాను.

గుమాస్తా కాకా, నువ్వు ఇక్కడిదాకా చదివావంటే మధ్యలో ఆగకు. గొంతు తగ్గించకు. డాక్టరమ్మ సమయానికే వచ్చింది. ఇంకా ప్రాణం ఉండగానే వచ్చింది. ఆమెను గడప దాటనివ్వనిది మా పెదనాన్న. ఒక చెయ్యి లోపలికి పోనిస్తే మా వదిన బతికుండేదేమో. ఆ 'ఏమో'ను కూడా ఆయనే మాకు లేకుండా చేశాడు. నన్ను చదివించింది ఆయన కాదు, ఆయన గడప ముందు ఆకలితో కూర్చున్న మనిషి. మళ్లీ ఒకసారి చదువు కాకా, మనూర్ వాళ్లు ఇప్పుడే వచ్చి ఉంటారు.

చదివాక, స్తంభం పక్కన గోడ చూడు. అత్త తల ఆనిన చోట నూనె మరక ఉంటుంది. నేను వెళ్లిన రోజున దాని మీద కొత్త సున్నం తడి ఇంకా ఆరలేదు. తిరుగు మోటారు ఎక్కబోతూ మళ్లీ చూశాను. సున్నం ఆరింది, మరక పైకి వచ్చింది. పెదనాన్నకు అది కనిపించదు. ఆయన ఈపాటికి కంచం ముందు కూర్చోబోతూ, అలవాటు కొద్దీ బయటికొచ్చి, ఆ గోడ వైపు తిరిగి "తిన్నవానే?" అని అడిగే ఉంటాడు.